చేత్తో చేసిన షాంపూ బార్ మీ జుట్టుకు పడుతుందో లేదో పరీక్షించుకోవడం ఎలా

షాంపూ బార్ వాడినవాళ్లను కదిపితే సగం మంది "నా జుట్టు ఇంత బాగా ఎప్పుడూ లేదు" అంటారు, మిగతా సగం "తలంతా మైనం పూసినట్టు అయిపోయింది, మళ్లీ దాని జోలికి పోను" అంటారు. రెండూ నిజమే. చాలాసార్లు ఇద్దరూ వాడింది ఒకే బార్ కూడా. తేడా వచ్చేది నాలుగు చోట్ల: బార్‌ను దేనితో చేశారు, మీ ఇంట్లో వచ్చే నీళ్లు ఎలాంటివి, మీ మాడు ఎలాంటిది, మీ వెంట్రుక ఎలాంటిది. ఈ నాలుగూ చూసుకోకుండా నేరుగా తలకు రుద్దేసి, ఒక్క తలస్నానంతో తీర్పు ఇచ్చేస్తే మంచి బార్ అన్యాయంగా మూలన పడుతుంది, లేదా మీకు సరిపడని బార్‌ని నెలల తరబడి భరిస్తూ కూర్చుంటారు.

కాబట్టి కాస్త ఓపిగ్గా, ఒక పద్ధతి ప్రకారం చూద్దాం. మీరే చేసుకున్న బార్ అయినా, ఎవరో చేసి ఇచ్చినదైనా, కొన్నదైనా పద్ధతి ఇదే.

ముందు అది సబ్బా, సిండెట్టా తేల్చండి

ఇది అన్నిటికంటే ముఖ్యం, అందుకే ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను. షాంపూ బార్ అనే ఒక్క పేరు కింద రెండు వేరు వేరు వస్తువులు తిరుగుతున్నాయి, చూడ్డానికి మాత్రం అక్కాచెల్లెళ్లలా ఉంటాయి.

ఒకటి అచ్చమైన సబ్బు. నూనెల్ని కాస్టిక్ సోడాతో కలిపి, అది సబ్బుగా మారాక అచ్చులో పోసి, ముక్కలు కోసి, నాలుగు నుంచి ఆరు వారాలు ఆరబెట్టి వాడతారు. రెండోది సిండెట్. ఇందులో కాస్టిక్ సోడాతో పని ఉండదు. సోడియం కోకోయిల్ ఐసెథియోనేట్, సోడియం కోకో సల్ఫేట్ లాంటి నురగనిచ్చే పొడుల్ని కొద్దిపాటి నూనెతో, కండిషనర్ పదార్థాలతో ముద్దలా కలిపి అచ్చులో నొక్కుతారు. ఒకట్రెండు రోజుల్లో గట్టిపడిపోతుంది.

తేడా ఎందుకంత ముఖ్యం అంటే పీహెచ్ వల్ల, అంటే ఒక వస్తువు ఆమ్లమా క్షారమా చెప్పే అంకె వల్ల; 7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. సబ్బు పీహెచ్ సాధారణంగా 9కీ 10కీ మధ్య ఉంటుంది. సిండెట్‌ని చేసేవాళ్లు 5 నుంచి 6.5 లోపు ఉండేలా సర్దుకోవచ్చు. మన మాడు పీహెచ్ 5.5 చుట్టుపక్కల ఉంటుంది, వెంట్రుకకు అంతకంటే కాస్త తక్కువ ఉన్నా హాయే. క్షారం ఎక్కువైనప్పుడు వెంట్రుక ఉబ్బుతుంది, దాని పైన పొలుసుల్లా పేర్చి ఉండే పొర కాస్త లేస్తుంది, పక్క వెంట్రుకతో రాసుకుంటుంది. అక్కడి నుంచే చిక్కులు, రేగిపోవడం, మెరుపు తగ్గడం అన్నీ మొదలు.

పదార్థాల పట్టీ చూస్తే తేలిపోతుంది. సోడియం ఆలివేట్, సోడియం కోకోయేట్, సోడియం పామేట్, సపోనిఫైడ్ ఆయిల్స్, కాస్టిక్ సోడా, ఈ మాటల్లో ఏది కనిపించినా అది సబ్బే. ఐసెథియోనేట్ అనో కోకో సల్ఫేట్ అనో సల్ఫోఅసిటేట్ అనో ఉంటే సిండెట్. పట్టీ లేకపోతే చేసినవాళ్లని అడగండి, కాస్టిక్ సోడా వాడారా లేదా అని ఒక్క ముక్క అడిగితే చాలు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. "మాది కాస్టిక్ సోడాతో చేసిన సహజమైన సబ్బే కానీ పీహెచ్ 5.5" అని ఎవరైనా అంటే నమ్మకండి. సబ్బును ఆ స్థాయికి దించితే అది సబ్బుగా మిగలదు, విడిపోయి కొవ్వు ఆమ్లాలుగా మారిపోతుంది. సబ్బు అన్నాక క్షారమే. అది లోపం కాదు, దాని స్వభావం, మనం తెలుసుకుని వాడుకోవాలి అంతే.

నీళ్లను పరీక్షించండి

జుట్టు మైనంలా అతుక్కుపోయిందని బాధపడే వాళ్లలో ఎక్కువమంది విషయంలో అసలు దోషి నీళ్లు. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్న నీళ్లలో సబ్బు ఆ లవణాలతో కలిసి కరగని తెల్లటి ముద్దగా మారుతుంది. బకెట్ అంచున, కుళాయి చుట్టూ పేరుకునే తెల్లటి పొర చూశారు కదా, అదే ఇప్పుడు మీ జుట్టు మీద పేరుకుంటుంది. సిండెట్‌కి ఈ గొడవ చాలా తక్కువ.

పరీక్ష సులువు. మూత ఉన్న పారదర్శకమైన సీసాలు రెండు తీసుకోండి. ఒకదాంట్లో డిస్టిల్డ్ వాటర్, ఇంకోదాంట్లో మీరు తలస్నానం చేసే నీళ్లు, రెండూ సమానంగా, సగానికి కొంచెం తక్కువగా పోయండి. సబ్బు బార్ నుంచి గోరంత ముక్క తురిమి, గోరువెచ్చటి డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి, ఆ ద్రావణాన్ని రెండు సీసాల్లోనూ అన్నే చుక్కలు వేసి, మూత పెట్టి బాగా ఊపండి. డిస్టిల్డ్ వాటర్‌లో నురగ నిలబడి కింద నీళ్లు తేటగా కనిపిస్తాయి. మీ నీళ్లు కూడా అలాగే ఉంటే అదృష్టవంతులు, ఏ బార్ అయినా ప్రయత్నించవచ్చు. మీ సీసాలో నురగ నిలవకుండా, నీళ్లు మసకబారి, పెరుగు విరిగినట్టు చిన్న చిన్న తెల్ల తునకలు తేలితే మాత్రం సబ్బు బార్ మీ ఇంట్లో కష్టమే. లీటరు నీటికి కాల్షియం కార్బొనేట్ లెక్కన 120 మిల్లీగ్రాములు దాటితే కఠిన జలం అంటారు, 180 దాటితే మరీ కఠినం. నీళ్ల పరీక్ష రిపోర్టు చేతిలో ఉంటే అందులో హార్డ్‌నెస్ అంకె చూడండి. టీడీఎస్ మీటర్ చూపే అంకె ఇది కాదు, అందులో అన్ని రకాల లవణాలూ కలిసి ఉంటాయి.

మాడును వేరుగా, జుట్టును వేరుగా చూడండి

"మీది జిడ్డు జుట్టా, పొడి జుట్టా" అని అడగడంలోనే సగం తప్పు ఉంది. జిడ్డు మాడుది, పొడిదనం ఎక్కువగా చివర్లది. ఒకే తల మీద రెండూ ఉండొచ్చు, పొడవు జుట్టున్నవాళ్లలో మామూలుగా ఉండేదే అది. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది, కొంచెం ఎక్కువ కూడా. అంటే 60 సెంటీమీటర్ల జడ చివర దాదాపు ఐదేళ్ల కిందటి వెంట్రుక అన్నమాట. ఐదేళ్ల ఎండ, దువ్వెన, వేడి గాలి అన్నీ తిన్న ఆ చివరికీ, నిన్నగాక మొన్న పైకి వచ్చిన కుదురుకీ ఒకే న్యాయం ఎలా కుదురుతుంది?

తలస్నానం చేసిన మర్నాడు మాడు మీద ఒక టిష్యూ నొక్కి చూడండి. నూనె మరక పడితే జిడ్డు మాడు. రెండో రోజుకీ మూడో రోజుకీ కూడా పెద్దగా మరక లేకపోతే మామూలు లేదా పొడి మాడు. లాగినట్టుండి సన్నటి పొట్టు రాలితే పొడి మాడు కావచ్చు. పెద్ద పెద్ద జిడ్డు పొలుసులు, ఎరుపు, దురద ఉంటే అది చుండ్రు కోవలోకి వస్తుంది, దాని సంగతి కింద చెప్తాను.

తర్వాత వెంట్రుక. ఒక్క వెంట్రుకను రెండు వేళ్ల మధ్య దొర్లించండి. ఉందో లేదో తెలియనంత మెత్తగా ఉంటే సన్నటి జుట్టు, దారంలా తగిలితే లావు జుట్టు. ఎన్ని వెంట్రుకలున్నాయన్నది వేరే సంగతి, సన్నటి వెంట్రుకలే ఒత్తుగా ఉన్నవాళ్లు బోలెడంతమంది. ఆకారం ఎలాగూ అద్దంలో కనిపిస్తుంది: నిటారు, అలలు, ఉంగరాలు, బాగా బిగుతైన చుట్లు. ఇక నీటిని ఎంత పీల్చుకుంటుందో చూడాలి. గ్లాసు నీళ్లలో వెంట్రుక వేసి తేలుతుందా మునుగుతుందా అని చూసే పరీక్ష ఒకటి బాగా ప్రచారంలో ఉంది, దాన్ని వదిలేయండి. వెంట్రుక మీద కాస్త నూనె ఉన్నా తేలుతుంది, దాంతో ఏమీ తేలదు. అంతకంటే మీ జుట్టు తడవడానికి ఎంతసేపు పడుతోంది, ఆరడానికి ఎంతసేపు పడుతోంది అన్నది గమనించండి. నీళ్లు ముత్యాల్లా పైనే జారిపోతూ తడవడానికే సమయం తీసుకుంటే తక్కువ పీల్చే జుట్టు. వెంటనే తడిసి, గట్టిగా నీళ్లు పట్టి, త్వరగా రేగిపోతుంటే ఎక్కువ పీల్చే జుట్టు. రంగులు, బ్లీచ్, స్ట్రెయిటెనింగ్ చేయించినవాళ్లది దాదాపుగా ఈ రెండోదే.

బార్‌ని చేతిలోకి తీసుకుని చూడండి

తలకు పెట్టే ముందు వెలుతురులో బార్‌ని అటూ ఇటూ తిప్పండి. ఆరెంజ్ రంగు చుక్కలు, వాటి దగ్గర పాత నూనె వాసన ఉంటే నూనెలు పాడైనట్టు, తలకు వద్దు. పైన పలచటి తెల్లటి బూడిదలాంటి పొర సోడా యాష్ కావచ్చు, తుడిస్తే పోతుంది, భయం లేదు. కానీ కోసిన ముఖంలో తెల్లటి గట్టి రవ్వలో, తడిగా మెరిసే గుంటలో కనిపిస్తే కాస్టిక్ సోడా సరిగా కలవలేదన్న అనుమానం రావాలి. అలాంటి బార్‌ని అసలు తాకకండి, నాలుకతో ముట్టి చూడమనే సలహా కూడా పట్టించుకోకండి.

పీహెచ్ స్ట్రిప్స్ దొరికితే ఒక గ్రాము తురుమును 10 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి ముంచి చూడండి. స్ట్రిప్స్ అంత కచ్చితంగా చూపవు, సుమారుగా అర్థమైతే చాలు. సబ్బుకు 9, 10 రావడం మామూలే. 11 దాటితే పక్కన పెట్టేయండి. సిండెట్‌కి 7 పైన వస్తే చేసినవాళ్లు పీహెచ్ సర్దలేదని అర్థం.

సబ్బు అయితే సూపర్ ఫ్యాట్ ఎంత అని కూడా తెలుసుకోండి. సబ్బుగా మారకుండా వదిలేసిన నూనె శాతం అది. ఒంటి సబ్బుకు మామూలుగా 5 శాతం, ఇంకా పైనే ఉంచుతారు, తలకు అంత నూనె భారం. కొబ్బరి నూనె పాలు ఎక్కువుంటే గట్టిగా కడుగుతుంది, ఆముదం ఉంటే నురగ నిలబడుతుంది. తాజా కలబంద గుజ్జు, పళ్ల గుజ్జు, పచ్చి ఆకులు కలిపిన సిండెట్ బార్‌లో నీటి శాతం పెరిగి బూజుకు అవకాశం ఎక్కువ, ప్రిజర్వేటివ్ వేశారో లేదో అడగండి.

మోచేతి లోపల, ఆ తర్వాత రాలిన జుట్టు మీద

చర్మ పరీక్ష మానేయకండి, ఇది సహజమైనదే కదా అన్న ధీమా వద్దు. ఎసెన్షియల్ ఆయిల్స్‌లో ఉండే లిమొనీన్, లినలూల్ లాంటివి, టీ ట్రీ ఆయిల్ కూడా, కొంతమందికి అలర్జీ తెప్పిస్తాయి. బార్‌ని తడిపి నురగ చేసి మోచేతి లోపలివైపు రూపాయి బిళ్లంత మేర రాయండి, కొన్ని నిమిషాలాగి కడిగేయండి, 48 గంటలు చూడండి. ఈ రకం అలర్జీ వెంటనే బయటపడదు, ఒకట్రెండు రోజులు తీసుకుంటుంది, అందుకే "గంట అయింది, ఏమీ కాలేదు" అని ఆపేయకూడదు. ఎర్రబడినా, దద్దుర్లు వచ్చినా, దురద పుట్టినా ఆ బార్ మీకు కాదు.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన పరీక్ష. దువ్వెనకు వచ్చే వెంట్రుకల్ని పారేయకుండా కొన్ని రోజులు పోగు చేయండి. ఓ అగ్గిపుల్లంత లావు పాయ అయ్యాక ఒక కొసన దారంతో గట్టిగా కట్టండి. అలాంటివి రెండు చేయండి. ఒకదాన్ని అలాగే ఉంచి, రెండోదాన్ని మీ ఇంటి నీళ్లతోనే, కొత్త బార్‌తో కడిగి, ఆరబెట్టి, మళ్లీ కడిగి, ఇలా ఐదుసార్లు చేయండి. తర్వాత రెండిటినీ పక్కపక్కన పెట్టి నల్లటి గుడ్డ మీద చూడండి. కడిగిన పాయ వెంట్రుకలు ఒకదానికొకటి అతుక్కుని తాడులా అయ్యాయా? వేళ్ల మధ్య జారుతోందా, పట్టుకుంటోందా? గోరుతో గీస్తే తెల్లటి పొడి రాలుతోందా? తలమీద నెల రోజులకు తెలిసేది ఇక్కడ ఒక్క వారంలో తెలుస్తుంది. రంగు వేసుకున్నవాళ్లు ఈ పాయను తెల్లటి గిన్నెలో కడగాలి, నీళ్లలోకి ఎంత రంగు దిగుతోందో కళ్ల ముందే కనిపిస్తుంది. తెల్ల జుట్టువాళ్లు, బ్లీచ్ చేయించినవాళ్లు దీనికి రివర్సులో చూడాలి, బార్‌లో ఉన్న పసుపో ఆకుపచ్చో జుట్టుకు అంటుకుంటోందా అని.

తలస్నానం: సగం తలకు ఒకటి, సగం తలకు ఇంకొకటి

ముందు తలస్నానం మీరు రోజూ వాడే షాంపూతో చేసి, ఆ రోజు సీరమ్‌లూ సిలికాన్ ఉన్న కండిషనర్లూ మానేయండి. పాత పూత మీద కొత్త బార్ పరీక్ష చేస్తే ఏది దేని వల్ల వచ్చిందో తెలియదు. నూనె పెట్టుకునే అలవాటుంటే మొదటి పరీక్షను నూనె లేని తల మీదే చేయండి, నూనెను వదిలిస్తుందా లేదా అన్నది తర్వాత వేరే రోజు చూసుకోవచ్చు.

తలస్నానం రోజు పొడి జుట్టుకే చిక్కు తీసుకుని, మధ్య పాపిడి తీసి రెండు భాగాలు చేయండి. కుడివైపు కొత్త బార్, ఎడమవైపు మీ మామూలు షాంపూ. రెండు బార్లను పోల్చాలంటే చెరోవైపు చెరొకటి. ఒకే తల, ఒకే నీళ్లు, ఒకే వాతావరణం కాబట్టి కనిపించే తేడా అంతా బార్‌దే. రెండు వేర్వేరు రోజుల్లో పోలిస్తే ఆ రోజు గాల్లో తేమ ఎక్కువుందనో, సరిగా కడగలేదనో సవాలక్ష కారణాలు మధ్యలో దూరతాయి.

జుట్టును ఒకటి రెండు నిమిషాలు పూర్తిగా తడపండి, బార్‌తో వచ్చే ఇబ్బందుల్లో చాలావరకు సరిగా తడపకపోవడం వల్లే. బార్‌ని అరచేతుల్లో రుద్ది నురగ చేసుకుని, ఆ నురగను వేళ్ల కొసలతో మాడుకు పట్టించండి. నిటారు జుట్టువాళ్లు కావాలంటే బార్‌నే కుదుళ్ల నుంచి కిందికి, ఒకే దిశలో రెండు మూడుసార్లు పోనివ్వచ్చు. అలలు, ఉంగరాలు, చుట్లు ఉన్నవాళ్లు బార్‌ని జుట్టు పొడవునా ఎప్పుడూ రుద్దకండి, పీట ముడులు పడతాయి. చివర్లకు ప్రత్యేకంగా రుద్దక్కర్లేదు, కడిగేటప్పుడు జారే నురగ చాలు.

కడగడం మాత్రం మామూలుకంటే రెట్టింపు సేపు. చెవుల వెనక, మెడ పైభాగం, నడినెత్తి, ఈ మూడుచోట్ల సబ్బు ఎక్కువగా మిగిలిపోతుంది.

సబ్బు బార్ వాడితే చివర్లో వెనిగర్ నీళ్లు మంచి సాయం. మామూలు 5 శాతం వెనిగర్ ఒకటి రెండు టేబుల్ స్పూన్లు లీటరు నీళ్లలో కలిపి జుట్టు మీద పోసి, నిమిషం ఆగి కడిగేయండి. కళ్లలో పడనివ్వకండి, మాడు మీద పుండ్లు ఉంటే వద్దు. ఇక్కడ వరస చాలా ముఖ్యం: సబ్బు మొత్తం పోయాకే వెనిగర్. సబ్బు ఇంకా ఉండగానే పోస్తే ఆమ్లం సబ్బును మళ్లీ కొవ్వు ఆమ్లాలుగా మార్చేస్తుంది, ఆ జిడ్డు వదలదు, అప్పుడు బార్‌ని తిట్టుకుంటారు. సిండెట్‌కి వెనిగర్ అవసరమే లేదు. వంటసోడా దేనికీ వద్దు, అది మళ్లీ క్షారమే.

మీ జుట్టును బట్టి దేనిమీద కన్నేయాలి

సన్నటి నిటారు జుట్టు, జిడ్డు మాడు: మాడు నూనె నిటారు వెంట్రుక మీదుగా సులువుగా కిందికి దిగుతుంది కాబట్టి మీకు త్వరగా జిడ్డవుతుంది. షియా బటర్, కోకో బటర్ దండిగా ఉన్న బార్లు మీకు కావు, కుదుళ్ల దగ్గర జుట్టు చప్పబడి నెత్తికి అతుక్కుంటుంది. ఆరిన కాసేపటికి కుదుళ్లు ఎంత పైకి లేచి ఉన్నాయో చూడండి, మర్నాడు టిష్యూ పరీక్ష చేయండి.

లావు నిటారు జుట్టువాళ్లది అందరికంటే తేలికైన పని. నీళ్లు మంచివైతే సబ్బు బార్ కూడా చాలామందికి పడుతుంది.

ఉంగరాల జుట్టు, బిగుతు చుట్ల జుట్టు: ఇక్కడ తొందర అస్సలు పనికిరాదు. మాడు నూనె ఆ మెలికలన్నీ దాటి చివర్లదాకా చేరదు కాబట్టి పొడవంతా సహజంగానే పొడిగా ఉంటుంది, పైగా ప్రతి మలుపు దగ్గరా పొలుసుల పొర కాస్త బలహీనం. క్షారం ఉన్న సబ్బు తాకితే వెంటనే రేగుతుంది, చిక్కు పడుతుంది. సిండెట్‌తోనే మొదలుపెట్టమని నా సలహా, అందులోనూ సోడియం కోకో సల్ఫేట్ కంటే ఐసెథియోనేట్ ప్రధానంగా ఉన్నది మెత్తన. తలను నాలుగు నుంచి ఎనిమిది పాయలుగా విడదీసి వదులుగా మెలిపెట్టుకుని, ఒక్కో పాయ విప్పి మాడు మాత్రమే కడిగి, మళ్లీ మెలిపెట్టి, తర్వాతి పాయకు వెళ్లండి. కండిషనర్ రెండువైపులా ఒకటే, ఒకే మోతాదులో వాడండి, అది లేకుండా ఈ జుట్టు మీద ఏ బార్‌నీ తూచకూడదు, అన్యాయం అవుతుంది. తడి జుట్టులో కండిషనర్ ఉండగా వేళ్లు కుదురు నుంచి చివరిదాకా ఎన్నిచోట్ల ఆగుతున్నాయో చూడండి. ఆరాక ఉంగరాలు ఒక్కొక్కటిగా విడిగా నిలిచాయా, అన్నీ కలిసి పొగలా విచ్చుకున్నాయా అన్నది అసలైన తీర్పు.

రంగు, బ్లీచ్, స్ట్రెయిటెనింగ్: సబ్బు బార్ వద్దు అనే చెప్తాను. క్షారంలో ఉబ్బిన వెంట్రుక నుంచి రంగు ఇంకా త్వరగా జారిపోతుంది, బ్లీచ్ అయిన వెంట్రుక అప్పటికే దెబ్బతిని ఉంటుంది. సిండెట్ అయినా రాలిన జుట్టు పాయ మీద చూశాకే తలకు.

చుండ్రు, సోరియాసిస్, మాడు మీద ఎరుపు ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్త. చుండ్రుకు మలసీజియా అనే ఫంగస్‌తో సంబంధం ఉంది. కీటోకొనజోల్, జింక్ పైరిథియోన్, సెలీనియం సల్ఫైడ్ ఉన్న షాంపూలు దాని మీద పనిచేస్తాయి, చేత్తో చేసిన మామూలు బార్ ఆ పని చేయదు. డాక్టర్ ఇచ్చిన షాంపూ మానేసి బార్‌కి మారకండి. మాడు శాంతించిన రోజుల్లో, మధ్య మధ్య తలస్నానాలకు మాత్రం ప్రయత్నించండి, పుండ్లు, పగుళ్లు ఉన్నప్పుడు అసలే వద్దు. పసిపిల్లల తలల మీద కూడా ఈ ప్రయోగాలు వద్దు, సబ్బు కళ్లలో పడితే బాగా మండుతుంది.

ఏం చూడాలి, ఎంతకాలం చూడాలి

మూడు సమయాల్లో చూసి చిన్న నోట్స్ రాసుకోండి. తడిగా ఉన్నప్పుడు: దువ్వెన సాఫీగా దిగుతోందా, వెంట్రుకల్ని పిండితే కీచుమంటోందా. కీచుమంటే శుభ్రమైందని సంబరపడొద్దు, పూర్తిగా ఎండగట్టేసిందన్నమాట. పూర్తిగా ఆరాక: మెరుపు, రేగడం, బరువు. ముదురు రంగు దువ్వెనతో ఓ పది పన్నెండుసార్లు దువ్వి పళ్ల మొదట్లో చూడండి, బూడిద రంగు జిగట పేరుకుంటే అది సబ్బు మడ్డి. మర్నాడు: దురద, పొట్టు, జిడ్డు.

కనీసం నాలుగు తలస్నానాలు చూడండి, ఎందుకంటే మడ్డి మొదటిసారి కనిపించదు, నెమ్మదిగా పేరుకుంటుంది. అలాగని నెలలు అక్కర్లేదు. "జుట్టు పాత షాంపూ విషాలను వదిలించుకుంటోంది, రెండు నెలలు ఓర్చుకోండి, తర్వాత అద్భుతం" అనే మాట చాలామంది చెప్తారు. నేను దాన్ని ఒప్పుకోను. వెంట్రుక ప్రాణం లేని వస్తువు, అది విషాలను బయటికి పంపదు. మైనంలా ఉందంటే బార్‌కీ నీళ్లకీ పొత్తు కుదరలేదని అర్థం, ఓర్చుకుంటే పోదు, ఇంకా పేరుకుంటుంది. ఈడీటీఏ (నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియంలను పట్టి వదిలించే పదార్థం) ఉన్న క్లారిఫైయింగ్ షాంపూతో, అంటే పేరుకున్న పూతను వదిలించే షాంపూతో, ఒకసారి కడిగేసి సిండెట్‌కి మారండి. మాడు మండుతున్నా, దురద పెరుగుతున్నా నాలుగు తలస్నానాల దాకా కూడా ఆగక్కర్లేదు, ఆ రోజే ఆపేయండి.

కొత్త బార్ వాడిన రోజు చేతికి వెంట్రుకలు వస్తే టెన్షన్ పడకండి. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం అందరికీ మామూలే, మూడు రోజులకోసారి తలస్నానం చేసేవాళ్లకు ఆ మూడు రోజులవీ ఒక్కసారే కనిపిస్తాయి. ముందుకంటే స్పష్టంగా ఎక్కువగా, వారాల తరబడి రాలుతుంటే డాక్టర్‌కి చూపించండి.

నచ్చలేదనిపించినప్పుడు అన్నీ ఒకేసారి మార్చేయకండి. మొదట కడిగే సమయం పెంచండి. ఆ తర్వాత చివరి మగ్గు నీళ్లు మాత్రం శుద్ధి చేసిన నీళ్లు వాడి చూడండి, తేడా వస్తే దోషం నీళ్లది. అప్పటికీ బాగోలేకపోతే బార్ మార్చండి. ఒక్కోసారి ఒక్కటే మార్చితేనే ఏది పనిచేసిందో తెలుస్తుంది.

మీరు చేసిన బార్‌ని పదిమంది చేత వాడించాలనుకుంటే

బార్లు చేసేవాళ్లకు ఇది తప్పనిసరి, మీ ఒక్క తల మీద బాగుందని అందరికీ బాగుంటుందనుకోకూడదు. ఒకే బార్‌ని చేతులు మార్చకండి, ఒకే అచ్చులోదాన్ని 20 గ్రాముల ముక్కలుగా కోసి, తలా ఒకటి ఇవ్వండి. ముక్క మీద పేరు కాకుండా నంబర్ వేయండి, ఏ రకమో ముందే చెప్తే మనిషి మనసు అటే మొగ్గుతుంది. పదార్థాల జాబితా మాత్రం దాచకూడదు, అలర్జీ ఉన్నవాళ్లకు అది ప్రాణం మీదికి రావచ్చు. అందుకే ఒకే పదార్థాలతో, పాళ్లు మాత్రం మార్చి రెండు రకాలు చేసి, ఉమ్మడి జాబితా ఇవ్వండి. ఇచ్చేటప్పుడు "ఎలా ఉంది?" అని కాకుండా విడివిడిగా అడగండి: నీళ్లు ఎలాంటివి, రంగు వేసుకున్నారా, తడి జుట్టులో చిక్కు ఎంత, మర్నాడు దురద ఉందా, దువ్వెన పళ్లలో ఏమైనా పేరుకుందా. "ఎలా ఉంది" అంటే మొహమాటానికి అందరూ బాగుందనే అంటారు, దాంతో మీకు ఒరిగేదేమీ లేదు. ముక్కను వాడే ముందూ, నాలుగు తలస్నానాల తర్వాతా తూచమనండి, ఏ జుట్టుకు ఎంత బార్ కరుగుతోందో తెలుస్తుంది.

ఇక మీకు పడని బార్‌ని పారేయక్కర్లేదు. సబ్బు రకమైతే చేతులకు, కాళ్లకు భేషుగ్గా పనికొస్తుంది, సిండెట్ అయితే వేరే రకం జుట్టున్న వాళ్లకు శుభ్రంగా చెక్కి, పదార్థాల పట్టీతో సహా ఇవ్వండి. ఉంచుకున్న బార్‌ని చిల్లులున్న స్టాండ్ మీదో వల సంచిలోనో నీళ్ల జల్లు పడనిచోట ఆరబెట్టండి. తడిలో నానుతూ ఉంటే మెత్తబడి సగం అలాగే కరిగిపోతుంది. ఎక్కువ బార్లుంటే అవసరానికి ఒక ముక్క కోసుకుని మిగతాది కాగితంలో చుట్టి పొడిచోట పెట్టుకోండి.